పుస్తకానికి వేసిన అట్ట

సుగుణా,
తప్పులుంటే మన్నించు, నా రాత కూడా బాగుండదు. ఐదో తరగతితో ఆగిపోయిన చేయి.

నిన్న మా ఆయన ఒక కరపత్రాల కట్ట తెచ్చి, "జర పైలంగ దాయి. గివి పేపర్లల్ల రావు" అన్నాడు. ఆ సిరా వాసనకు లింగంపల్లిలో మా ఇల్లు గుర్తొచ్చింది. మా నాయన అచ్చుయంత్రం తిప్పుతూ వియత్నాం యుద్ధం గురించి అచ్చేసేవాడు, గుర్తుందా? తడి కాగితాలను మనిద్దరం అమ్మ చీరల పక్కన ఆరేసేవాళ్ళం. చెడిపోయినవి దాచుకుని పుస్తకాలకు అట్టలు వేసుకున్నాం.

"గిదెక్కడిదే పిల్లా?" అని పంతులు నా అట్టను చూసి అడిగాడు.

"మా నాయన అచ్చేసిండు సార్!" గొప్పగా చెప్పాను.

మర్నాడే పోలీసులు నాయనను తీసుకుపోయారు. తిరిగొచ్చాక నన్ను ఒక్క మాట అనలేదు. యంత్రాన్ని మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు.

ఈ పొద్దున మా పాప తన బడి పుస్తకానికి అట్ట వేయమని ఆ కట్టలోంచే ఒక కాగితం లాగింది. ఇంకోసారి భరించే ఓపిక నాకు లేదు సుగుణా. కట్టంతా పొయ్యిలో పెట్టాను. సాయంత్రం ఆయన వచ్చి కట్ట ఏదని అడుగుతాడు. కాలిపోయినవాటిలో ఉన్నవీ ఒకప్పుడు నాయన అచ్చేసినలాంటి మాటలే.

చదవగానే దీన్నీ పొయ్యిలో వేసెయ్.