పడమటి గోడ పక్క బీరువా

మా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నన్ను భయపెట్టే వస్తువు ఒక్కటే: పడమటి గోడకు ఆనించిన ఇనుప బీరువా. బనగానపల్లెకు కాస్త దూరంలో చిన్న ఊరు మాది. ఎండాకాలం మధ్యాహ్నం ఆ గోడ మీద చెయ్యి పెడితే చుర్రుమంటుంది. ఏసీ ఉన్నది సబ్ రిజిస్ట్రార్ సార్ గదిలో మాత్రమే. బీరువా నిండా సీడీలు. కొన్నేళ్ళపాటు మా చుట్టుపక్కల ఊళ్ళలో జరిగిన అమ్మకాలు, దానాలు, అన్నదమ్ముల పంపకాలు అన్నీ వాటిలో ఉన్నాయి. ఉన్నాయని రాసుకున్నాం, అంతే.

అంతకుముందు ఏ దస్తావేజు వచ్చినా దాన్ని లావుపాటి పుస్తకాల్లోకి అక్షరం పొల్లుపోకుండా చేత్తో ఎక్కించేవాళ్ళు. ఆ పుస్తకాలు ఇప్పటికీ ఉన్నాయి. అంచులు చెదలు తిన్నాయి, అట్టలు ఊడాయి, అయినా తెరిస్తే చదువుకోవచ్చు. కంప్యూటర్లు వచ్చాక చేతిరాత ఆపేయమన్నారు. స్కాన్ చేసి సీడీలో ఎక్కించడం, అసలు కాగితం రిజిస్ట్రేషన్ చేయించుకున్నవాళ్ళ చేతిలో పెట్టడం. ఇంకొన్నేళ్ళకు సర్వర్ వచ్చింది. సీడీల్లో ఉన్నదంతా సర్వర్‌కు ఎక్కించేశామని ఎవరో సంతకం పెట్టి చేతులు దులుపుకున్నారు. ఆ మధ్య ఏళ్ళ దస్తావేజుల్లో చాలావాటికి తెర మీద నంబరు, తేదీ, పేర్లు వస్తాయి. లోపలి పేజీ తెరిస్తే మాత్రం తెల్లగా ఉంటుంది.

నకలు మీద అసలుకు సరిపోయిందని సంతకం పెట్టేదాన్ని నేను. ఎదురుగా నిలబడిన మనిషికి ఏమీ తెలియదు. ఇంకా ప్రింటు రాలేదేమో అనుకుని ఓపిగ్గా నిలబడి ఉంటారు.

ఆమె కూడా అలాగే నిలబడింది. నాకంటే కొంచెం పెద్దది, భర్త లేడు, కూలికి పోతూ తన చేను తనే చూసుకుంటోంది. వచ్చీ రాగానే సంగతి చెప్పింది.

"మా నాయన నాకు దానం రాసిచ్చిన కాగితం నకలు కావల్ల మేడం. కోర్టు వాయిదా దగ్గరికొచ్చింది."

"అసలు కాగితం యాడుండాదక్కా?"

"నాయన పెట్టెలో ఉండె. నాయన పోయినాక పెట్టె మా తమ్ముని కాడికి పాయ. ఇప్పుడు ఆ కాగితమే లేదంటాడు."

ఒకే సర్వే నంబరులో రెండు నేల చెక్కలున్నాయట. తూర్పుది బోరు ఉన్నది, పడమరది వట్టి రాళ్ళు. వాళ్ళ నాన్న ఆమెకు బోరున్న చెక్క రాసిచ్చాడు. తమ్ముడు నీకిచ్చింది రాళ్ళదే అంటున్నాడు. దస్తావేజు చివర రాసిన హద్దులు చూపిస్తే తప్ప ఆ నేల నిలవదని వకీలు చెప్పాడు. నేను ఆ సర్వే నంబరు కొట్టాను. పేర్లు వచ్చాయి. పేజీ తెల్లగా వచ్చింది.

"దొరికిందా మేడం?" అంది.

"రేపు రాక్కా" అన్నాను.

సార్‌ది కడప వైపు. మంచివాడే, కాకపోతే రిటైర్మెంటు దగ్గర పడ్డ మనిషి. సీడీ తీస్తానంటే రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"దాని జోలికి పోవద్దమ్మా. లభ్యం కాలేదని రాసిచ్చేయ్."

"బీరువాలో ఉండాది కదా సార్."

"ఉండాది గాబట్టే చెప్తాండా. బీరువాలో ఉన్నంత సేపు అది రికార్డు. నువ్వు తీసినాక పగిలిందనుకో, నీ చేతిలో పోయినట్టు."

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. అందుకే నాకు అంత కోపం వచ్చింది. అంతకుముందు ఏడాది ఇంకొక సీడీ డ్రైవులో తిరుగుతూ తిరుగుతూ టప్పుమని పగిలింది. ముక్కలు లోపల గీరుకునే చప్పుడుకు పళ్ళు జివ్వుమన్నాయి. ఆ తర్వాత పై ఆఫీసుకు జవాబులు రాయలేక నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడు ఈమెది ఉన్న సీడీలో ఇంకా ఎన్ని కుటుంబాల కాగితాలు ఉన్నాయో. దాన్ని ముట్టుకుంటే అందరివీ పోవచ్చు. ముట్టుకోకపోతే ఈమె బోరు పోతుంది.

పైగా పై ఆఫీసు నుంచి కొత్త ఆదేశం ఒకటి వచ్చి ఉంది. వచ్చే నెల నుంచి నకళ్ళు సర్వర్‌లో ఉన్నవాటికే ఇవ్వాలి, సీడీల నుంచి తీసినవి చెల్లవు. అంటే వచ్చే నెల నుంచి బీరువాలో ఉన్నా లేనట్టే. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళగానే మా ఇంటి దస్తావేజు ఉందో లేదో తీసి చూసుకున్నాను. ఉంది. మళ్ళీ తీసి చూసుకున్నాను. ఏంటికి దాన్నట్లా తీస్తా పెడ్తాండావని మా ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మరునాడు ఆదేశం కాగితం సార్ బల్ల మీద పెట్టి, "వచ్చే నెల చెల్లనిదాన్ని ఎవరి కోసం దాచాలి సార్?" అని అడిగాను. ఆయన అది చదివి కాగితాన్ని నా వైపు తోశాడు.

"నన్ను అడగలేదనుకో" అన్నాడు.

కొత్త కంప్యూటర్లకు సీడీ డ్రైవులే లేవు. బల్ల కింద దుమ్ము పట్టిన పాత కంప్యూటర్ ఒకటుంది, దాన్ని పైకి తీసి పెట్టుకున్నాను. బీరువాలోంచి తీసిన సీడీ వెనక వెండి పూత అంచుల దగ్గర బుడగలెత్తింది. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడిచాను. ముందు అందరివీ కంప్యూటర్‌లోకి దించుకుని, తర్వాత ఈమెది వెతుకుదామా అనుకున్నాను. మధ్యలో ఆగిపోతే? ఎవరిది ముందు అని తేల్చుకోవలసింది నేనే. ఆమె కిటికీ అవతల నిలబడి నన్నే చూస్తోంది. ఆమెదే తెరిచాను.

డ్రైవు మూలిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది. మొదటి పేజీ వచ్చింది. రెండోది సగం దాకా వచ్చి నిలబడిపోయింది. సార్ గది తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు, లోపలికి రాలేదు. రెండోది పూర్తయింది. హద్దుల పేజీ పైనుంచి కిందికి మెల్లగా దిగింది: తూర్పున వంక, ఉత్తరాన బండిదారి, లోపల బోరు. అడుగున ఆమె తండ్రి వేలిముద్ర. వెంటనే ఆ పేజీలు కంప్యూటర్‌లో దాచుకుని ప్రింటు తీశాను. తర్వాత తక్కినవి దించబోతే తెర మీద సీడీయే లేదని వచ్చింది. తీసి పెట్టాను. లేదంది. తుడిచి పెట్టాను. లేదంది. సార్ లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

నకలు మీద సంతకం పెట్టాను. ఆమెకు చదువు రాదు, హద్దులు చదివి వినిపించమంది. బోరు అన్న మాట వినగానే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కాగితాన్ని ఒకసారి తడిమి, మళ్ళీ నా బల్ల మీదే పెట్టింది.

"మీ కాడనే పెట్టుకోండి మేడం. వాయిదా పొద్దు వచ్చి తీస్కపోతా. ఇంట్లో ఉంటే మా తమ్ముడు ఊరుకోడు. ఈడైతే గవర్నమెంటు కాడ, యాడికీ పోదు."

సరేనంటే ఆమె నిశ్చింతగా ఇంటికి పోతుంది. కానీ వాయిదా దాకా ఆ కాగితాన్ని కాపాడే ధైర్యం నాకు లేదు.

"ఈడ పెట్టొద్దక్కా" అన్నాను గొంతు తగ్గించి. "నీ కాగితం తీసేలోపు ఆ సీడీ పోయింది. నేను దించుకున్నది ఈ పాత కంప్యూటర్‌లో ఉండాది, రేపు ఇదెట్ల ఉంటుందో నాకే తెల్దు. ఈ కాగితం పోతే ఇంకోటి తీసియ్యలేను. నేరుగా వకీలు దగ్గరికి పో. దోవలో ఎవరికీ చూపించొద్దు."

ఆమెకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. నన్ను చూసింది, నా వెనకున్న బీరువాను చూసింది.

"మరి తక్కినోళ్ళవి?" అంది.

వరండాలో బెంచీల మీద నకళ్ళ కోసం వచ్చినవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఆమె వాళ్ళ వైపు ఒకసారి చూసి, కాగితాన్ని మడిచి కొంగు కింద దాచుకుంది. తర్వాత ఎవరి కంటా పడకుండా గోడవారగా నడుచుకుంటూ వెళ్ళిపోయింది.