పన్నెండూ నలభై బండి

"కొంచెం లెఫ్ట్ కొట్టు. ముందు బురద ఉంది. పోనీ, పోనీ... హోల్డాన్."

టైలరమ్మ ఆగింది. ఆగకపోతే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. అదే మాట వెనకనుంచి మళ్ళీ వస్తుంది, ఈసారి నది అవతలి గట్టుమీద కొంగలు కూడా ఆగిపోయేంత గట్టిగా.

"స్టేజీ నంబరు రెండు, వంగిన స్తంభం," అని ప్రకటించి, ఆవిడ భర్త జేబులోంచి కాగితం తీసి చూసుకున్నాడు. "దిగేవాళ్ళు దిగొచ్చు."

"దిగి ఎక్కడికి పోనండీ, నదిలోకా?"

"అది అడిగే హక్కు కండక్టరుకి లేదు," అన్నాడాయన.

ఈ మహానుభావుడి జబ్బు ఒక్కటే. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు వెనక తలుపు దగ్గర నిలబడి ఉద్యోగం చేసి, రెండేళ్ళ కిందట రిటైరయ్యాడు. ఆ సంగతి డిపోలో అందరికీ తెలుసు, ఒక్క ఆయనకి తప్ప. బస్సునైతే డిపోవాళ్ళు ఉంచేసుకున్నారు గానీ టైంటేబుల్ని ఆయన ఇంటికి తెచ్చుకున్నాడు. పడకగదినుంచి వంటింటికి రావడానికి నాలుగు నిమిషాలు, మధ్యలో హాల్లో ఒక స్టాపు. పొద్దుటి టీ ఆరూ పదికి బయల్దేరుతుంది. ఖర్మ కాలి ఆరూ ఎనిమిదికే కాగిందా, రెండు నిమిషాలు గ్లాసులో ఆవిర్లు కక్కుతూ పడి ఉండాల్సిందే.

ముందుగా పోవడం పాపం, ఆలస్యంగా పోవడం నేరం. ఆయన వేదమంతా ఈ రెండు ముక్కలే. పెళ్ళయిన కొత్తలో సొంత అత్తగారు చేతిసంచీ ఊపుకుంటూ పరుగెత్తుకొస్తోంది, స్టాపు ఇంకా ఇరవై అడుగులుంది. అల్లుడు ఆవిడని చూశాడు, నవ్వాడు, నమస్కారం పెట్టాడు, వాచీ చూసుకుని 'రైట్ రైట్' అన్నాడు. ఆ తల్లి అల్లుడితో నాలుగేళ్ళు మాట్లాడలేదు. ఆ విషయం అల్లుడు గమనించడానికి ఐదేళ్ళు పట్టింది.

ఇంతవరకూ పర్వాలేదు, లోకంలో ఇంతకన్నా పిచ్చివాళ్ళు సంసారాలు చేసుకుంటున్నారు. కానీ రిటైరయ్యాక జబ్బు ముదిరింది. పెళ్ళాం వెనకే నడుస్తూ దారి చెప్పడం మొదలుపెట్టాడు. కూరగాయల దుకాణంలో 'రైటు కొట్టు, బుట్ట ఉంది' అంటాడు. నలుగురిలో 'స్లో, మెట్టు' అంటాడు. చివరికి స్నానాలగదికి వెళుతున్నా 'ముందు గడప, మెల్లిగా' అని వినిపిస్తుంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా దాటుతున్న గడపని ఆవిడకి రోజుకి ఆరుసార్లు పరిచయం చేస్తున్నాడు.

"నాకు కళ్ళున్నాయండీ," అని ఆవిడ ఎన్నిసార్లు మొత్తుకుందో లెక్కలేదు.

"ఉన్నాయిలే," అని ఒప్పుకుంటాడు పెద్దమనసుతో. ఒప్పుకుని, "ముందు స్టూలుంది," అంటాడు.

టైలరమ్మ కుట్టు దుకాణం నది ఒడ్డునే. మిషను ముందు కిటికీ, కిటికీ ముందు నీళ్ళు. ఇరవై రెండేళ్ళుగా జాకెట్లూ లాగులూ కుడుతూ ఆ నీళ్ళు పోతుంటే చూస్తోంది గానీ, ఎక్కడికి పోతున్నాయో చూడ్డానికి ఒక్క ఆదివారం దొరకలేదు. గట్టు వెంబడి నడిచిపోతే ఇంకో ఏరు వచ్చి ఇందులో కలిసే చోటు వస్తుందని, అక్కడినుంచి నాలుగింటికి చివరి పడవ తిరిగి ఊళ్ళోకి తెస్తుందని కుట్టుకి వచ్చేవాళ్ళు చెప్పారు. ఇవాళ మొండికేసి దుకాణానికి తాళం పెట్టింది. ఆ కలిసే చోట నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కనీసం రెండు గంటలు కూర్చోవాలి. అంతే ఆవిడ కోరిక.

అందరికీ అది నాలుగు గంటల నడక. కండక్టరుగారు దానికి పదకొండు స్టేజీలు వేసి ఏడు గంటలు చేశాడు. కూర్చోవడానికి ఇరవై నిమిషాలు ఇచ్చాడు, అది కూడా 'బండి తిప్పుకునే టైముతో కలిపి'.

మూడో స్టేజీ దాటాక ఆవిడ మాట్లాడటం మానేసి అడుగు పెంచింది. దాంతో ఆరో స్టేజీ రెల్లు మలుపుకి పన్నెండుంబావుకే చేరిపోయారు. కాగితంలో బయల్దేరు వేళ పన్నెండూ నలభై. ఆయన గట్టుమీద కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడిపోయాడు, కదిలే బస్సులో నిలబడ్డట్టే.

"పదండి."

"పన్నెండూ నలభై."

"ఇక్కడ మనిద్దరం తప్ప పురుగు కూడా లేదు."

"టైము కాకుండా లేరని ఎలా చెప్తావు? రావాల్సినవాడు దారిలో ఉండొచ్చుగా."

ఆవిడ ఓపిక అక్కడితో సరి. ఇరవై రెండేళ్ళుగా నది కోసం ఆగానని, ఇప్పుడు పుట్టని పాసింజరు కోసం ఆగలేనని, ఆయన స్టేజీని ఆయన్నే కాపలా కాసుకోమని చెప్పింది. మామూలుగా అయితే ఆయన రూలు చదివేవాడు. ఇవాళ చదవలేదు. వాచీకేసి, మలుపుకేసి చూసి, "ఇంకో ఇరవై నిమిషాలే," అన్నాడు, దాదాపు బతిమాలుతున్నట్టు. ఆవిడ వినిపించుకోకుండా వెళ్ళిపోయింది.

మలుపు తిరిగి నూరడుగులు వేసిందో లేదో, ఎదురుగా ఒక భారీ మనిషి వస్తూ కనిపించాడు. ఇస్త్రీ చొక్కా, మెడదాకా బొత్తాలు, నల్లకళ్ళద్దాలు. ఒక చెయ్యి తీగకంచె మీద ఆనించి, దాన్ని తడుముకుంటూ, రొప్పుకుంటూ, పరుగులాంటి నడక నడుస్తున్నాడు. ఆవిడకి వెంటనే గుర్తొచ్చింది. భర్త బండికి పందొమ్మిదేళ్ళు డ్రైవరు. ఇంటికి ఎన్నోసార్లు వచ్చి భోంచేసి వెళ్ళిన మనిషి. ఇద్దరూ ఒక్క నెలలోనే ఉద్యోగం దిగారు.

ఆయన మాత్రం నాలుగడుగుల దూరంలో ఉన్న ఆవిడని గుర్తుపట్టలేదు. అడుగుల చప్పుడు విని ఆగి, "కాస్త టైమెంతయిందో చెప్తారా? పన్నెండూ నలభై దాటిపోయిందా?" అన్నాడు కంగారుగా.

"ఇంకా కాలేదన్నయ్యా," అంది ఆవిడ.

గొంతు విని ఆయన ముఖం వెలిగింది. "చెల్లెమ్మా, నువ్వా? ఎండ బాగా ఉంది కదా, ఈ అద్దాల్లోంచి సరిగ్గా ఆనలేదు."

ఆకాశమంతా మబ్బు పట్టి ఉంది. ఆవిడ పైకి చూసి, "అవును, చాలా ఎండగా ఉంది," అంది.

ఆయన గొంతు తగ్గించి తన గుట్టు చెప్పాడు. కూతురి ఇల్లు ఈ కంచె చివరే. ప్రతి ఆదివారం పన్నెండూ నలభైకి ఇక్కడికి వచ్చి, చెక్కవంతెన దాకా కండక్టరుని నడిపించి, మళ్ళీ తీసుకొస్తాడట. రెండేళ్ళుగా ఒక్క వారం తప్పలేదట.

"ముందు నేను లేకపోతే అతనికి అడుగు పడదమ్మా. పందొమ్మిదేళ్ళ అలవాటు మరి. పాపం, రిటైరయ్యాక బెంగపెట్టుకుంటాడని వస్తున్నాను. నీకు తెలిసిందంటే నామోషీ పడతాడు. తెలియనట్టే ఉండు."

"ఉంటానన్నయ్యా," అంది టైలరమ్మ. డాక్టరు నడవమన్నాడని ప్రతి ఆదివారం టంచనుగా మాయమయ్యే తన మొగుడు అప్పుడు గుర్తొచ్చాడు. 'నా పక్కనే నడవండన్నయ్యా, కబుర్లు చెప్పుకుంటూ పోదాం' అని, ఆయన చెయ్యి కంచె వదలకుండా చూసుకుంటూ వెనక్కి తీసుకొచ్చింది.

పన్నెండూ నలభై అయింది. డ్రైవరు వచ్చి ముందు నిలబడ్డాడు, కండక్టరు వెనక నిలబడ్డాడు. మధ్యలో ఒకే ఒక్క పాసింజరు. ఆవిడ ఎక్కడినుంచి ఊడిపడిందని భర్త అడగలేదు, డ్రైవరు ఎక్కడ దొరికాడో ఆవిడ చెప్పలేదు.

"రైట్ రైట్," వినిపించింది వెనకనుంచి. "పోనీ... కొంచెం లెఫ్ట్ కొట్టన్నా. ముందు రాళ్ళున్నాయి, స్లో. ఇప్పుడు క్లియరు, పోనీ."

ఆ మాట వెంట డ్రైవరు పెద్దాయన కంచె వదిలేసి, ఛాతీ విరుచుకుని, దారంతా తన చేతిలోనే ఉన్నట్టు నడిచాడు. రాయి తగల్లేదు, గుంటలో కాలు పడలేదు. రెండేళ్ళుగా తన వీపుమీద మోగుతున్న మాటలన్నీ తనవి కావని, వేరే వీపుకి అలవాటై పొరపాటున ఇంటికొచ్చాయని అప్పుడు అర్థమైంది టైలరమ్మకి. గడపమీద ఇన్నాళ్ళూ పడ్డ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

చెక్కవంతెన దగ్గర అలవాటుగా వెనక్కి తిరగబోతుంటే, ఇవాళ బండి ఆ ఏరు కలిసే చోటు దాకా పోతుందని ఆవిడే చెప్పింది. తిరుగుదారిలో పడవమీద అన్నయ్యని కూతురి ఇంటిదగ్గర దింపి ఊరు చేరొచ్చు.  ఈ నది పక్కనే పందొమ్మిదేళ్ళు బండి నడిపాను గానీ రోడ్డు తప్ప నీళ్ళెప్పుడూ చూడలేదని, చప్పుడైనా విని వస్తానని అన్నాడు పెద్దాయన.

భర్త కాగితం తీశాడు, వేళ్ళమీద లెక్కపెట్టాడు. "ఈ స్పీడుకి నాలుగుంబావు. పడవ అందదు."

"టైము కాకుండా అందదని ఎలా చెప్తారు?" అంది ఆవిడ.

స్టేజీలు ఇంకా మిగిలుండగానే, ఇక చూడనన్నట్టు కాగితం మడిచి జేబులో పెట్టేశాడు ఆయన. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో అది మొదటిసారి.

మిగిలిన స్టేజీల్లో బండి ఆగలేదు, అయినా నాలుగుకి పది తక్కువయ్యేసరికి ఆఖరి మిట్ట మాత్రమే ఎక్కారు. కింద కనిపించింది. ఒకవైపునుంచి బురద రంగు నీళ్ళు, ఒకవైపునుంచి పచ్చటి నీళ్ళు. కలిశాక కూడా చాలాదూరం కలవకుండా, కొత్తగా పెళ్ళయినవాళ్ళలా ఎవరి రంగులో వాళ్ళు పక్కపక్కన పోతున్నాయి. ఆవిడ చూస్తూ నిలబడిపోయింది. రెండు గంటలు అనుకున్నది రెండు నిమిషాలైంది, అయినా తక్కువనిపించలేదు. పెద్దాయన చెవి అటు ఒగ్గి, "రెండు గొంతులున్నాయే," అన్నాడు రొప్పుతూనే.

అప్పుడే రేవులో పడవవాడు తాడు విప్పడానికి వంగాడు. కిందికి దారంతా గులకరాళ్ళు. డ్రైవరు అడుగులు ఇక పెరిగేలా లేవు. కండక్టరు వాచీ చూశాడు, పెద్దాయన వీపు చూశాడు, పడవని చూశాడు. గుటకేసి, పెళ్ళాం పక్కకొచ్చి, చెవిలో గొణిగాడు.

"నువ్వు గబగబా పోయి పడవ ఓ పావుగంట ఆపించు."

ఆవిడ విన్నది నమ్మలేక ఆయనకేసి చూసింది. "ఏమని చెప్పనండీ?"

"స్టేజీకి రావాల్సిన మనిషి దారిలో ఉన్నాడని చెప్పు. వినకపోతే తాడు మీద కూర్చో." ఆవిడ నాలుగడుగులు వేశాక మళ్ళీ పిలిచాడు. "ఇదిగో, నేను ఆపమన్నానని మాత్రం అనకు. డిపోదాకా పోతుంది."