సిలాస్ కోసం మార్చిన అదనపు సమయం రూలు

ఊరి బడిలో అయిదు దాకా చదివి దుబాయ్‌లో హెడ్ మేస్త్రీనయ్యాను. సోనాపూర్ కూలీల క్యాంపులో బాత్రూములకు తలుపులు పెట్టించింది నేను. మెస్‌లో పులిసిన సాంబారు మాన్పించింది నేను. అయితే నేను చేసినవాటిలో పెద్దది ఫుట్‌బాల్ అదనపు సమయం రూలు మార్చడం. అది సిలాస్ కోసం చేశాను.

సిలాస్‌ది రాజోలు పక్క పల్లె. స్లాబులకు ఇనుము కట్టే పని. ఆటగాడే గానీ, 2005లో క్యాంపుల కప్పు ఫైనల్లో ఆఖరి పెనాల్టీని గోడ అవతలకు తన్నాడు. కప్పు పక్క క్యాంపు మలయాళీలకు పోయింది. అప్పట్నుంచి మెస్‌లో సిలాస్ కూర్చున్న బల్ల దగ్గర ఇంకొకడు కూర్చుంటే ఒట్టు.

మరుసటి ఏడాది ప్రపంచ కప్పు ఫైనల్ కూడా పెనాల్టీలతోనే తేలింది. కోట్ల జీతగాళ్ళకే ఇంతకన్నా న్యాయమైన పద్ధతి దొరకలేదంటే ఆ బాధ్యత నా మీదే పడిందన్నమాట. ఆలోచించి తేల్చాను: ఆట సమానమైతే పెనాల్టీలు ముందే కొట్టెయ్యాలి. ఆ తరువాత అదనపు సమయం ఆడాలి. అందులో గెలిచినవాళ్ళదే కప్పు. అక్కడా సమానమైతేనే పెనాల్టీల ఫలితం చెల్లుతుంది. పెనాల్టీ తప్పినవాడికి దిద్దుకునే అవకాశం ఉంటుంది.

రెఫరీ లాల్ అహ్మద్ మా బస్సు డ్రైవరు. పెషావర్ మనిషి. "చాచా, యే రూల్ ఫీఫా కో మాలూమ్ హై?" అన్నాడు, ప్రపంచ ఫుట్‌బాల్ పెద్దలకి ఈ రూలు తెలుసా అని.

"మనల్ని చూసి నేర్చుకుంటారులే."

ఆ ఏడు ఫైనల్ మళ్ళీ మలయాళీలతోనే. మళ్ళీ సమానమే. కెప్టెన్ సూరిబాబు బంతి సిలాస్ చేతిలో పెట్టి, "ఈసారైనా గోడకి ఇవతల కొట్టరా బాబూ" అన్నాడు. ఇవతలే కొట్టాడు, తిన్నగా గోలీ చేతుల్లోకి. తప్పింది అతనొక్కడే, పెనాల్టీలు మలయాళీలవయ్యాయి.

ఇక అదనపు సమయం. నా రూలు మావాళ్ళకన్నా మలయాళీలకే బాగా బోధపడింది. పదకొండు మందీ గోల్ ముందు ప్రహరీ కట్టేశారు. సిలాస్ మాత్రం పరుగులు పెట్టి బంతులు అందిస్తూనే ఉన్నాడు. ఒకటి సూరిబాబు స్తంభానికి కొట్టాడు. ఇంకొకటి, గోలీ కూడా లేని చోట, కృపాకర్ ఆకాశానికి కొట్టాడు. లాల్ అహ్మద్ విజిల్ ఊదాడు. ఖలాస్.

బస్సులో ఒకటే గోల.

"ఖాళీ గోలురా కృపాకరూ! మా అమ్మైనా కొట్టేసేది!"

"మరి నువ్వు స్తంభాన్నెందుకు తన్నావ్? అదేవన్నా నీ బామ్మర్దా?"

"అసలు ఆ మేస్త్రి గారి రూలే దరిద్రం!"

ఈ మాటకు మాత్రం అందరూ ఒక్కటయ్యారు. సిలాస్ పెనాల్టీ ఊసు ఒక్కడూ ఎత్తలేదు.

మెస్‌లోనూ తగవు తెగలేదు. తీర్పు కోసం సూరిబాబు సిలాస్‌కి కుడిపక్క కూర్చున్నాడు, కృపాకర్ ఎడమపక్క. వాళ్ళ వెనకాలే మిగతావాళ్ళూ పళ్ళేలు పట్టుకొచ్చి బల్ల నింపేశారు.

"నువ్వు చెప్పరా సిలాసూ, తప్పెవడిది?"

సిలాస్ ఇటూ అటూ చూశాడు.

"ముందా పప్పు ఇటియ్యండి, చెప్తాను."