మా హాల్లో మల్లఖంబ్

పోల్ డ్యాన్స్ నేర్చుకుంటానని చెప్పగానే మా అమ్మ లేచి కిటికీలు వేసేసింది. అప్పుడు గొంతు తగ్గించి, "ఏటే, బంగారంలాటి రైల్వే ఉద్యోగం సేసుకుంటా ఈ బుద్ధేటే నీకు?" అంది.

బుద్ధి కాదు తల్లీ, భుజం. బుకింగ్ కౌంటర్లో ఏళ్ల తరబడి కూర్చుని కూర్చుని నా కుడి భుజం పైకి లేవడం మానేసింది. కొన్నాళ్లు జడ కూడా అమ్మే వేసింది. వైద్యంతో నొప్పి తగ్గాక, ఇక బలం పెంచుకోమన్నారు. జిమ్‌కి వెళ్తే ట్రెడ్‌మిల్ మీద గోడ వంక చూస్తూ నడవడమే. ఒకసారి రాయ్‌పూర్‌లో ఒక టీచరు దగ్గర స్టీలు పోల్ పట్టుకుని నేల మీంచి కాళ్లు లేపాను. నా బరువును నా చేతులే మోశాయి. నా ఒంటిని చూసి నాకే గర్వం కలగడం అదే మొదలు. ఆ పోల్ మా ఇంట్లో ఉండి తీరాలనుకున్నాను.

రైలింజన్ల షెడ్‌లో ఫిట్టర్‌గా రిటైరైన మా నాన్న దాన్ని హాల్లో దూలం కింద బిగించి, తనే ఓసారి వేలాడి చూసి, "పక్కా" అన్నారు. అమ్మ మాత్రం షరతు పెట్టింది. "ఒక్కసారి పడ్డావంటే ఈ గొట్టం పాత ఇనుంకి ఏసీడమే." నేను సరేనన్నాను.

ఆ రాయ్‌పూర్ టీచరే ఫోన్లో వీడియో పెట్టుకుని పాఠం చెప్పేది. డ్యాన్సు ఊసెత్తితే ఒప్పుకునేది కాదు. ముందు మణికట్లు తిప్పాలి. వేలాడేముందు భుజాలు చెవులకు దూరంగా కిందికి లాగి పట్టాలి. కుడివైపు చేసినదంతా ఎడమవైపూ చేయాలి. దిగడం రాని ఎత్తుకి ఎక్కకూడదు. కింద పరుపు ఉండాలి, ఒంటికి నూనె, క్రీము తగలకూడదు, నొప్పి పుడితే ఆపేయాలి. నెలల తరబడి నేను చేసిందల్లా వేలాడడం, దిగడం, చేతిపట్టు పెరగడానికి తడి తువ్వాలు పిండడం. అమ్మ ఒకరోజు గుమ్మంలో నిలబడి అంతా చూసి, "ఇదేనేటి? దీనికోసమా నాను కిటికీలేసింది?" అని ఉసూరుమంది. పాపం, ఆవిడ ఇంకేదో ఊహించుకుంది.

అయినా రైల్వే కాలనీలో దాగేదేముంది? ఎదురు క్వార్టర్లో ఉండే అత్త కరివేపాకు కోసం వచ్చి పోల్ చూసేసింది. అత్త అంటే చుట్టం కాదు, కాలనీ తెలుగు ఆడవాళ్ల భజన బృందానికి పెద్ద. అమ్మ కళ్లయినా ఆర్పకుండా, "మల్లఖంబ్, వదినా" అంది.

"అచ్ఛా! ఎంత మంచిదో! మన సంస్కృతి కదేటి!"

ఆహా! మల్లఖంబ్ అంటే నిలువు స్తంభమెక్కి చేసే పాతకాలపు కసరత్తు; ఛత్తీస్‌గఢ్‌లో ఆ మాటకున్న మర్యాద అలాంటిది. బస్తర్ పిల్లలు మల్లఖంబ్‌లో గెలిస్తే పేపర్లో ఫొటోలు పడతాయి. ఇంట్లో ఉన్నది అదే గొట్టం, దానికి వేలాడేది అదే నేను. పేరు మారేసరికి సిగ్గు పోయి సంస్కృతి వచ్చి కూర్చుంది. ఎన్నడూ పలకరించనివాళ్లు కూడా పలకరించసాగారు. అత్త ఏకంగా, ఆదివారం భజన అయ్యాక అందరినీ తీసుకొస్తానని కబురు చేసింది.

మల్లఖంబ్ స్తంభానికి ఆముదం రాస్తారట. నిజమే, కానీ అది చెక్క స్తంభం. ఈ సంగతి అత్త నోట విన్న అమ్మ, ఆదివారం నేను డ్యూటీలో ఉండగా స్టీలు పోల్‌కి పైనుంచి కిందిదాకా ప్రేమగా ఆముదం పట్టించింది. నేనొచ్చేసరికి ఆడవాళ్లంతా భజన తాళాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. రోజూ పోల్ తుడవకుండా ముట్టుకోను. ఆవేళ "కానీ, కానీ" అని ఒకటే తొందర. తుడవలేదు.

పట్టుకుని కాళ్లు లేపానో లేదో, సబ్బుబిళ్లలా జారింది. పరుపు మీద కూలబడ్డాను. నడుం కలుక్కుమంది. నడుం సంగతి సరే, షరతు గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి. పోల్ పోయినట్టే.

"పట్టు లేదమ్మా నీకు" అంది అత్త. "ఆముదం రాసినా జారకుండా ఉండడమే మల్లఖంబ్. నా సిన్నప్పుడు ఊర్లో కొబ్బరిసెట్లు ఎక్కీదాన్ని. ఉండు, సూపిస్తాను." అంటూనే చీర దోపి, స్టూలు లాక్కుని, ఎక్కి, రెండు చేతులా పోల్ పట్టుకుని ఒక కాలు దానికి మెలేసింది. స్టూలు వేసుకున్నది పోల్‌కి ఇటు పక్క, పరుపేమో అటు పక్కన ఉంది.

"ఓలమ్మో! దిగు వదినా! అది మల్లఖంబ్ కాదు!" అమ్మ కేక కాలనీ అంతా వినిపించి ఉంటుంది. "పోల్ డ్యాన్స్! నూనె రాయకూడదు, నానే రాసేసినాను! దిగు!"

కేకేస్తూనే వెళ్లి అత్త నడుం పట్టేసుకుంది. అత్త పోల్‌కి మెలేసిన కాలు తియ్యకుండానే అడిగింది. "పోల్ డ్యాన్సా? అంటే సినిమాల్లో…"

"ఆ. అదే" అంది అమ్మ.

అత్త జాగ్రత్తగా స్టూలు దిగింది. ఆడవాళ్లు తాళాలు సంచుల్లో వేసుకున్నారు. పెట్టిన టీ పెట్టినట్టే ఉండగా, ఒక్కొక్కరే చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు.

నేను లేచి నాన్న పానా తెచ్చుకున్నాను. మాటంటే మాటే కదా. అమ్మ అప్పటికే పాత గుడ్డతో పోల్ తుడుస్తోంది.

"ఏటి సేస్తన్నావ్?" అంది.

"పడ్డాను కదా. తీసేద్దాం."

అమ్మ పానా లాగేసుకుంది.

"ఇప్పుడు తీసేస్తే ఏటనుకుంటారు అందరూ? తప్పు సేసినారు కాబట్టే తీసేసినారు అనుకోరూ? ఉండనీ దాన్ని!"