నాయన ట్రాక్టరు... అమ్మ కుళ్లు, నా కుళ్లు

మా చిన్నప్పుడు... నాయన ట్రాక్టరుకు డీజిల్ పోస్తుంటే ఇంట్లో ఎవరూ గట్టిగా తుమ్మకూడదు!

ఉదయగిరి బంకులో క్యాన్లకు పట్టించుకొచ్చిన డీజిల్‌ని నీడలో పెట్టి, మడ్డి అడుక్కి దిగేదాకా ముట్టనిచ్చేవాడు కాదు. ఇంజను చల్లారాలి. బీడీ తాగేవాళ్లు వీధి చివరికి పోవాలి. అప్పుడు గరాటు మీద నూలుగుడ్డ రెండు మడతలు వేసి, సన్నటి ధారగా వడపోసేవాడు... మాకు జ్వరమొస్తే మందు తాగించడానికి కూడా ఆయనకు అంత ఓపిక ఉండేది కాదు.

ఆ గుడ్డ అమ్మ చీర. ఆమెకు ఇష్టమైన చీర. అడగకుండా చించేశాడు.

అన్నానికి ముందు ప్రార్థనలో కూడా "ప్రభువా, మా ట్రాక్టరును కాపాడు" అని మొదలుపెట్టి, ఆ తర్వాతే మా పేర్లు చెప్పేవాడు. అమ్మ ఒక కన్ను తెరిచి నావైపు చూసేది. ఇద్దరం చేతులు జోడించుకునే కుళ్లుకునేవాళ్లం. "నా సవతి అది" అని పక్కింటివాళ్లతో కూడా అనేది అమ్మ.

ఒక ఏడు వాన ఆలస్యంగా పడింది. మాది మెట్టచేను... నేలలో ఆ తడి పదును ఆరేలోపు దున్ని కంది వేయకపోతే ఇక ఆ ఏడాదికి అంతే. నాయన తెల్లారకముందే లేచి, వడపోత గుడ్డ మురికిగా ఉందని తనే సబ్బు పెట్టి ఉతికాడు. బిందె నీళ్లు కూడా ముంచని మనిషి! డీజిల్ నింపుకుని చేలోకి పోయాడు.

కాసేపటికే ట్రాక్టరు దగ్గడం మొదలుపెట్టి, తెల్లటి పొగ వదిలి ఆగిపోయింది. డీజిల్ గొట్టంలో గాలి పట్టిందేమోనని నాయన ఇంజను పక్కనుండే చేతిపంపు కొట్టాడు. స్టార్టయింది, మళ్లీ దగ్గింది, ఆగింది. చుట్టూ చేలల్లో ఎద్దులున్నవాళ్లు దర్జాగా దున్నుకుంటున్నారు. నాయన వాళ్లనీ, పైన ఎండనీ మార్చి మార్చి చూస్తున్నాడు.

సంగటి తీసుకుని నేనూ అమ్మా అప్పుడే పోయాం. నాకైతే లోపల సంతోషమే... అమ్మకూ అంతే అనుకున్నాను.

అమ్మ పొగ వైపు చూసి అడిగింది. "పొద్దున ఆ గుడ్డ ఆరేసినావా?"

"పిండినాను గదా."

"పిండితే ఆరినట్టా? తడిగుడ్డ మీద పోసినావు గదయ్యా... నీళ్లు దాని కడుపులోకి పోయుంటాయి. చీర చించేటప్పుడు ఎట్టాగూ అడగలేదు, ఇదన్నా అడగాల్నా వద్దా?"

నాయన గబగబా ఫిల్టరు కింద మర వదులు చేశాడు. అమ్మ ఖాళీ గిన్నె పట్టింది. డీజిల్ అడుగున నీళ్లు స్పష్టంగా కనబడ్డాయి! నాయన పంపు కొడుతుంటే అమ్మ వంగి చూస్తూ చెప్పింది.

"ఇంకా బుడగలు వస్తా ఉండాయి... కొట్టు... కొట్టు... ఆఁ, ఇప్పుడు బిగించు!"

ఇంజను అందుకుంది. అమ్మ మోచేతుల దాకా డీజిల్... నవ్వు ఆగడం లేదు. నాయన "రా, ఎక్కు" అంటే మడ్‌గార్డు మీద ఎక్కి కూర్చుంది. చేను మొత్తం దున్నేదాకా దిగలేదు.

నన్ను మాత్రం "ఇంటికి పో, కోళ్లకు నీళ్లు పెట్టు" అన్నారు.

మర్నాటి నుంచి గరాటూ గుడ్డా అమ్మవే. నేను దగ్గరికి పోతే "దూరంగా నిలబడు" అని ఆమే కసిరేది... అచ్చం నాయనలాగే! ఇన్నాళ్లూ నాకు తోడుగా కుళ్లుకున్న మనిషి అటుపక్క చేరిపోయింది. నేనొక్కదాన్నే మిగిలాను.

ఇప్పుడు ఊరి పక్కనే బంకు, ఫోన్ చేస్తే మెకానిక్కు. బండి ఆగితే మా ఆయన ఒక ఫోను, నేనొక ఫోను పట్టుకుని చెరో పక్కకి తిరిగి నిలబడతాం... ఆ చేలో వాళ్లిద్దరూ తలలు ఆనించుకుని బుడగలు చూడటం గుర్తొస్తే, ఈ వయసులో కూడా నాకు కుళ్లే.

మీ ఇంట్లో మీకంటే గారాబంగా పెరిగింది ఏదండీ... మోటారా, స్కూటరా, రేడియోనా? చెప్పండి. నేనొక్కదాన్నే కుళ్లుకున్నానంటే తట్టుకోలేను.