కండ్లు మూసుకుని కుట్టే అత్త

నాందేడులో చాయ్ కప్పులు ఏటేటా చిన్నవవుతున్నాయి. చాయ్ నోట్లోకి పోయిందో లేదో తేల్చుకునేలోపే అయిపోతుంది. ధర్మాబాద్‌లో మా మేనత్త వేసే ముడి కుట్టు కూడా అంతే, చూసేలోపే అయిపోయేది.

అక్క కొడుకును ఉయ్యాలలో వేసే తొట్టెల వేడుకకు రెండు రోజులే ఉంది. పిల్లాడి తలకు కట్టే కుంచి మీద ముడి కుట్టు పూలు నేనే కుడతానని అందరి ముందూ మాటిచ్చి, ఆ తర్వాత నేర్చుకోవడానికి అత్త దగ్గరికి పోయాను. ఆమె సూదికి దారం రెండు చుట్లు చుట్టేది, కండ్లు మూసుకునేది, సూది దించేది. బట్ట మీద ఆవగింజంత ముడి కూర్చునేది.

కిటుకంతా కండ్లు మూయడంలోనే ఉందని కనిపెట్టాను. బీఎస్సీ చదివినందుకు ఆమాత్రం గమనించాలి కదా. నేనూ రెండు చుట్లు చుట్టి, భక్తిగా కండ్లు మూసి దించాను. ముడి కిందికి జారింది. మళ్లీ దించితే సూది వేలికి దిగింది. సాయంత్రానికి కుంచి మీద పూలు లేవు, మూడు నెత్తుటి చుక్కలున్నాయి. అవి మాత్రం గుండ్రంగానే వచ్చాయి.

"తప్పెక్కడ అయితుందత్తా? నీ లెక్కనే కండ్లు మూసుకొని కుడుతున్న గద!"

అత్త కుంచిని వేళ్లతో తడిమింది.

"నా కండ్లల్ల మోతిబిందు పొర ముదిరింది. తెరిస్తే అంత మసకనే, అందుకే మూస్తున్న. నీకేమొచ్చిందే?"