ఆయా చేతిలో టీ

బాబాయికి అనుమానం లేని వస్తువు లోకంలో లేదు. ముప్ఫయ్యేళ్ళుగా రక్తపరీక్షల ల్యాబులో మైక్రోస్కోపుకి కన్ను అంటించి కూర్చున్న మనిషి. మిషను ఇచ్చిన అంకె నమ్మడు, దాన్ని రాసిన పెన్నూ నమ్మడు. రక్తం తక్కువేమోనని ఎదురుపడ్డవాళ్ళ కింది రెప్ప లాగి చూస్తాడు. కొత్త అల్లుడు మొదటిసారి ఇంటికొస్తే కుర్చీ వేయకముందే రెప్ప లాగాడట. అల్లుడు ఇప్పటికీ నల్లకళ్ళద్దాలతోనే వస్తాడు.

కొత్తగా చేరిన టెక్నీషియనమ్మాయికి మాత్రం బాబాయి మీదే అనుమానం పుట్టింది.

ఆసుపత్రి ఊడ్చే ఆయాకి పన్నెండుండాల్సిన రక్తం ఏడుకి పడిపోయింది. రోజూ నాలుగింటికి టీ వేళ హెడ్ నర్సు ఎదుటే ఐరన్ మాత్ర మింగుతోంది. రెండు నెలలైనా ఏడు ఏడుగానే ఉంది. బుగ్గన దాచుకుని ఉమ్మేస్తోందనీ, పని ఎగ్గొట్టడానికి నీరసం నటిస్తోందనీ నర్సు తేల్చేసింది. ఇంకో నెల చూసి మాన్పించేస్తానంది.

బాబాయి ఆయా రక్తం స్లైడు మీద రాసి చూశాడు. కణాలు చిన్నగా, పాలిపోయి ఉన్నాయి. అంటే ఇనుము అందడం లేదు. లోపలెక్కడైనా రక్తం పోతోందేమోనని మరో పరీక్ష చేశాడు. అదీ కాదు. ఆయాని పక్కకి పిలిచి, దొడ్డికి వెళ్తే రంగేమిటని అడిగాడు. ఆవిడ సిగ్గుతో చచ్చిపోయి, నలుపని చెప్పి పారిపోయింది.

మర్నాటినుంచి వింత మొదలైంది. నాలుగు కొట్టేసరికి బాబాయి వెళ్ళి, ఆయా చేతిలో టీ లాక్కుని గటగటా తాగేసి, బదులు నిమ్మరసం గ్లాసు పెట్టేవాడు. ఎందుకని అడిగితే అనుమానంగా ఉందనేవాడు. పేదదాని నోటికాడి టీ లాక్కుంటాడా అని అమ్మాయి ఉడికిపోయింది. ఆయా అయితే మొహం మీదే తిట్టిపోసింది. ఆయన తలూపి విని, మర్నాడు మళ్ళీ వచ్చాడు.

నెల తిరిగేసరికి మిషను పది చూపింది. బాబాయి నమ్మక మూడుసార్లు చేయించాడు. అప్పుడా కాగితం తీసుకెళ్ళి నర్సు ముందు పెట్టాడు.

"ఈవిడ ఒక్క మాత్రా ఉమ్మలేదమ్మా. టీతో మింగితే ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు, నిమ్మరసమైతే పట్టిస్తుంది. ఆ టీ వేళ పెట్టింది నువ్వే."

ఆయా పని నిలబడింది.

"ముందే చెప్పొచ్చుగా బాబాయ్?" అంది అమ్మాయి.

"రుజువు లేకుండా చెప్తే ఎవరు నమ్ముతారు? నేనైతే నమ్మను."

"మరి ఆవిడ మాత్ర మింగుతోందని ఎలా నమ్మారు?"

"ఐరన్ మాత్ర మింగితే దొడ్డికి నల్లగా అవుతుంది. ఆవిడ నలుపంది, నమ్మాను. పొట్టకోసం మెట్లు ఊడ్చే మనిషిని కూడా అనుమానిస్తే ఎలాగమ్మా?"

నెల్లాళ్ళు ఈ టీ వల్ల ఆయనకి కడుపులో ఒకటే మంటట, టీ అసలు పడదట. సంగతి తెలిసి ఆయా నెత్తి కొట్టుకుంది. పారబోయొచ్చుగా అంటే, పారబోస్తే నర్సమ్మ ఇంకోటి పోసిచ్చేదన్నాడు. ఆవిడ వెళ్ళి గ్లాసుడు చల్లటి పాలు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

బాబాయి గ్లాసుని వెలుతురుకేసి ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నీళ్ళెన్ని కలిపావు?" అని అడిగి, చుక్క మిగలకుండా తాగేశాడు.